విషం పోయిందని ఎవరు చెప్పాలి?



ఎక్కడైనా ఫ్యాక్టరీలో విషవాయువు లీకైందనుకోండి. మొదటి రోజు టీవీలో ఫైరింజన్లు, అంబులెన్సులు, పరుగులు తీసే జనం కనపడతారు. రెండో రోజు పేపర్లో చనిపోయినవాళ్ళ ఫొటోలు, నష్టపరిహారం ప్రకటన వస్తాయి. మూడో రోజుకి కెమెరాలు సర్దుకుని వెళ్ళిపోతాయి. ఈ పూట నేను మీతో మాట్లాడాలనుకుంటున్నది ఆ మూడో రోజు గురించి.

గ్యాసు ఆగింది. మంట ఆరింది. ఊరవతల కల్యాణ మండపంలో తలదాచుకున్న కుటుంబం ఇంటికి బయల్దేరాలి. తలుపు తియ్యొచ్చా? డబ్బాలో బియ్యం వండుకోవచ్చా? పరుపు పనికొస్తుందా, పారెయ్యాలా? బావిలో నీళ్ళు తాగొచ్చా? గేదె పాలు పసిపిల్లకి పట్టొచ్చా? ఆ ఇంటి ఇల్లాలికి కావలసిన జవాబులు ఇవి. ఇవి చెప్పడానికి చాలా శాస్త్రం తెలిసి ఉండాలి.

ఆ శాస్త్రాన్ని డీకంటామినేషన్ అంటారు. మనం విషశుద్ధి అనుకుందాం. ఈ పాతికేళ్ళలో ఇందులో చాలా కొత్త సాధనాలు వచ్చాయి. గదినిండా నింపి క్రిముల్ని చంపే వాయువులున్నాయి. గోడల మీద చల్లితే విషాన్ని విరగ్గొట్టే నురగలున్నాయి. గచ్చు మీద పూసి, ఆరాక పొరలా ఊడదీస్తే రేణువుల్ని తనతో పాటు లాక్కొచ్చే పూతలున్నాయి. అన్నీ మంచివే. కానీ ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన సాధనం మన వీధి దాకా వచ్చేసరికి ఎన్నో చోట్ల ఆగిపోతుంది.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. కొత్త సాధనాన్ని ప్రమాదం జరిగాక అప్పటికప్పుడు తెచ్చి వాడటం చాలా కష్టం. ప్రమాదానికి ముందే దాన్ని చట్టానికీ, సిబ్బందికీ, ఊళ్ళో జనానికీ పరిచయం చేసి ఉంచాలి. రేడియోలో పేజీ వెనక్కి తిప్పడం కుదరదు కాబట్టి ఈ మాట మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తాను. విసుక్కోకండి.

ముందు అమెరికా రాజధాని వాషింగ్టన్‌కి వెళ్దాం. 2001 అక్టోబరు 15. సెనేటర్ టామ్ డాషెల్ ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. సిబ్బంది విప్పారు. లోపలి నుంచి సన్నటి పొడి ఎగిరింది. అది ఆంత్రాక్స్. మన రైతులకు ఈ జబ్బు కొత్త కాదు. గొడ్లకు వచ్చే దొమ్మ రోగం ఇదే. అరకు, పాడేరు వైపు మనుషులకు కూడా అప్పుడప్పుడు సోకుతూనే ఉంటుంది. ఈ క్రిమి స్పోర్లుగా మారి నేలలో దశాబ్దాల తరబడి చావకుండా ఉండగలదు. దొమ్మతో చచ్చిన గొడ్డును కొయ్యొద్దని, సున్నం వేసి లోతుగా పాతెయ్యమని పశువుల డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే.

పొలంలో అయితే పాతిపెడతాం. ఆఫీసులో ఏం చేస్తాం? డాషెల్ ఆఫీసు ఉన్నది హార్ట్ భవనంలో. ఎంతోమంది సెనేటర్లు, వాళ్ళ సిబ్బంది పనిచేసే పెద్ద కట్టడం అది. స్పోర్లు కంటికి కనపడవు. కార్పెట్లో, సోఫా మడతల్లో, ఏసీ గొట్టాల్లో ఎక్కడైనా ఉండొచ్చు. భవనం మూసేశారు. అన్ని సందుల్లోకీ దూరి వాటిని చంపగలిగేది వాయువు ఒక్కటే అనుకున్నారు. క్లోరిన్ డయాక్సైడ్‌ను ఎంచుకున్నారు. కాగితం మిల్లుల్లో గుజ్జును తెల్లగా చెయ్యడానికీ, తాగే నీళ్ళను శుభ్రం చెయ్యడానికీ వాడే రసాయనమే. అంతవరకూ తెలిసిందే. కానీ ఇంత పెద్ద ఆఫీసులో ఆంత్రాక్స్ మీద దాన్ని ప్రయోగించినవాళ్ళు అప్పటికి లేరు.

మొదటి అడ్డంకి చట్టం దగ్గరే వచ్చింది. అక్కడ క్రిమిసంహారక మందు ఏదైనా సరే, ఫలానా క్రిమిని చంపుతుందని ప్రభుత్వం దగ్గర ముందే నమోదు చేయించాలి. ఆంత్రాక్స్ స్పోర్లను చంపుతుందని నమోదైన మందు ఒక్కటీ లేదు. అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. దాంతో పర్యావరణ సంస్థ ఒక్కో చోటికీ, ఒక్కో రసాయనానికీ అత్యవసర మినహాయింపులు ఇచ్చుకుంటూ పోవాల్సి వచ్చింది. చూడండి, రసాయనం ఉంది, యంత్రాలు ఉన్నాయి, తెలిసిన మనుషులున్నారు. అనుమతి కాగితం లేదు. ముందే పరిచయం చేసి ఉంచాలని నేను అన్నది ఇందుకే.

రెండో అడ్డంకి ఆ క్రిమి స్వభావంలోనే ఉంది. ఎండి గట్టిపడిన గింజ నీళ్ళు తగిలితే గానీ మెత్తబడదు కదా, స్పోరు కూడా అంతే. పొడిగా ఉన్నప్పుడు వాయువు దాని పైపొరను దాటి లోపలికి పోలేదు. గాలిలో తేమ పెంచాలి. గదిని తగిన వెచ్చదనంలో ఉంచాలి. వాయువు సాంద్రత గంటల తరబడి తగ్గకుండా చూడాలి. తర్వాత్తర్వాత పెద్ద భవనాలకు ఒక లెక్క స్థిరపడింది. గాలిలో తేమ 75 శాతం, వాయువు 750 పీపీఎం, 12 గంటలు. ఈ అంకెలు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. మూడూ ఒకేసారి కుదరాలి. ఒకటి తగ్గినా క్రిమి బతుకుతుంది. డాషెల్ ఆఫీసు గదుల్లో డిసెంబరు మొదట్లో వాయువు నింపారు. ఏసీ గొట్టాల దగ్గరికి వచ్చేసరికి మొదటిసారి కుదరలేదు. తేమ దగ్గరే ఇబ్బంది వచ్చింది. నెలాఖరున మళ్ళీ చేశారు.

మరి క్రిములు చచ్చాయని ఎలా తెలుస్తుంది? ఇది నాకు ఎంతో నచ్చిన భాగం, కొంచెం నిదానంగా చెబుతాను. వేలెడంత కాగితం పట్టీలు తీసుకుంటారు. వాటి మీద రోగం కలిగించని, కానీ ఆంత్రాక్స్ అంత మొండివైన స్పోర్లను లక్షల్లో అంటిస్తారు. ఒక్కో పట్టీని సన్నటి కవరులో పెట్టి గది మూలల్లో, బీరువా వెనక, టేబుల్ సొరుగులో, వాయువు అందడం కష్టమైన చోటల్లా ఉంచుతారు. పని అయ్యాక వాటిని ఏరుకుని వచ్చి గాజు గొట్టాల్లో పోషకాలు కలిపిన ద్రవంలో వేస్తారు. వెచ్చగా ఉంచి రోజుల తరబడి చూస్తారు. ద్రవం కలకబారిందా, స్పోర్లు బతికున్నాయన్నమాట. తేటగా ఉండిపోయిందా, ఆ మూలకి వాయువు చేరింది. దానితో పాటు గోడల మీద, నేల మీద తుడిచి తీసిన నమూనాలనూ పెంచి చూస్తారు. అందులో ఒక్క ఆంత్రాక్స్ క్రిమి కూడా మొలకెత్తకూడదు. ఎంత తక్కువుంటే ప్రమాదం లేదో ఎవరూ చెప్పలేరు కాబట్టి, అసలు ఉండకూడదని గీత గీసుకున్నారు.

2002 జనవరి 22న హార్ట్ భవనం తెరిచారు. మూడు నెలల పైన పట్టింది.

ఇదే కథలో ఇంకో భవనం ఉంది. దాని గురించి చెప్పకపోతే అన్యాయం చేసినట్టు అవుతుంది. ఆ ఉత్తరం సెనేటర్ ఆఫీసుకి చేరేముందు బ్రెంట్‌వుడ్ అనే తపాలా కేంద్రం మీదుగా వెళ్ళింది. ఉత్తరాలు వేరుచేసే యంత్రాలు కవరును నొక్కినప్పుడు సన్నటి రంధ్రాల్లోంచి స్పోర్లు గాలిలో కలిశాయి. సెనేటు భవనం మూసేశాక కూడా అక్కడి ఉద్యోగులు కొన్నాళ్ళు పనిచేస్తూనే ఉన్నారు. జోసెఫ్ కర్సీన్, థామస్ మోరిస్ అనే ఇద్దరు తపాలా ఉద్యోగులు చనిపోయారు. ఉద్యోగులు జబ్బుపడ్డాకే కేంద్రం మూశారు. అది మళ్ళీ తెరుచుకునేసరికి 2003 డిసెంబరు. రెండేళ్ళు దాటిపోయింది. భవనం చాలా పెద్దది, పని కష్టం, అది నిజమే. కానీ పెద్దవాళ్ళు కూర్చునే చోటు ముందు, ఉత్తరాలు మోసేవాళ్ళు నిలబడే చోటు తర్వాత అనే భావన ఆ కార్మికుల మనసులో పడిపోయింది. తిరిగి అక్కడ పని చెయ్యడానికి చాలామంది భయపడ్డారు. ఆ కేంద్రానికి ఇప్పుడు చనిపోయిన ఆ ఇద్దరి పేర్లే ఉన్నాయి. పరీక్షల్లో శుభ్రమని తేలడం ఒక మెట్టు. అక్కడ రోజూ పని చేసేవాళ్ళు దాన్ని నమ్మడం మరో మెట్టు. ఆ రెండో మెట్టుకి ఏ రసాయనమూ పనికిరాదు.

ఈ నమ్మకం అన్నది పాత సమస్యే. స్కాట్లండ్ తీరంలో గ్రుయినార్డ్ అని చిన్న ద్వీపం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. ద్వీపం మనుషులు అడుగుపెట్టకూడని చోటైపోయింది. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీళ్ళలో కలిపి నేలంతా తడిపారు. ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? ఒక గొర్రెల మందను అక్కడ మేతకు వదిలారు. అవి ఆరోగ్యంగా ఉన్నాయని చూసి, 1990లో ప్రమాద హెచ్చరిక బోర్డు తీసేశారు. ప్రయోగశాల నివేదిక చదవలేని మనిషికి కూడా పచ్చిక మేసే గొర్రె అర్థమవుతుంది.

ఇప్పుడు మన విశాఖపట్నానికి వద్దాం. 2020 మే 7. తెల్లవారుజాము 3 గంటల వేళ. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. లాక్‌డౌన్‌లో మూతపడి, మళ్ళీ మొదలు కాబోతున్న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు. నేలబారుగా పాకుతుంది, పల్లపు వీధుల్లోకి దిగుతుంది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళు రోడ్ల మీదే కూలిపోయిన దృశ్యాలు మనమెవరం మర్చిపోలేదు. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. పశువులు చచ్చాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి. సైరన్ మోగించడానికి కర్మాగారంలో 36 చోట్ల ఏర్పాటు ఉండి కూడా ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

స్టైరీన్ వేడెక్కితే తనలో తాను అతుక్కుంటూ గట్టిపడుతుంది. అలా అతుక్కుంటున్నప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా అతుక్కుంటుంది. ఈ చర్యను ఆపడానికి అందులో పీటీబీసీ అనే నిరోధకం కలపాలి. ఆ రోజు దాన్ని గుజరాత్ వైపు నుంచి విమానంలో తెప్పించారు. రసాయన ప్రమాదాల్లో శిక్షణ పొందిన ఎన్డీఆర్ఎఫ్ బృందం పుణె నుంచి విమానంలో వచ్చింది. వచ్చినవాళ్ళు ప్రాణాలకు తెగించి పనిచేశారు. వాళ్ళకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఆలోచించండి. టన్నుల కొద్దీ స్టైరీన్ నిలవున్న ఊళ్ళో, దాన్ని అదుపు చేసే మందు అవసరానికి అందకపోతే ఎలా? సాధనం దేశంలో ఎక్కడో ఉండటం వేరు, మన ఊళ్ళో ఉండటం వేరు.

సరే, ట్యాంకు చల్లబడింది. మూడో రోజు వచ్చింది. నాలుగో రోజు వచ్చింది. జనం ఇళ్ళకు వెళ్ళాలి. వాళ్ళ భయం ఊహించుకోవచ్చు. అక్కడ పండిన కూరలు, పళ్ళు, గడ్డి వాడొద్దని నిపుణులు సలహా ఇచ్చారు. మేఘాద్రిగెడ్డ జలాశయం నీళ్ళ గురించి కూడా ఆందోళన ఉండేది. ఇల్లు మాత్రం ఎలా నమ్మేది? అప్పుడు రాష్ట్ర మంత్రులు కొందరు మే 11 రాత్రి ఆ ఊళ్ళలోనే పడుకున్నారు. మేమూ మీతో ఉన్నాం, భయపడకండి అని చెప్పడానికి. అది మంచి పనే, జనానికి ధైర్యం ఇచ్చింది. నేను దాన్ని చిన్నబుచ్చడం లేదు. కానీ ఒక మనిషి ఒక రాత్రి పడుకుని లేవడం కొలత కాదు. పసిపిల్ల నేల మీద పాకుతుంది, నెలల తరబడి ఆ ఇంట్లోనే ఊపిరి పీలుస్తుంది. ఆమె తల్లికి కావలసింది ఒక అంకె. ఆ అంకె ఎంత ఉంటే ఫరవాలేదో చెప్పే ఇంకో అంకె.

ఇక్కడ ముక్కును నమ్మడానికి లేదు. స్టైరీన్ వాసన చాలా కొద్ది మోతాదులోనే తెలిసిపోతుంది. కొంచెం తీపి కలిసిన ఘాటు వాసన. హాని చెయ్యని మోతాదులో కూడా వాసన వస్తుంది కాబట్టి, విషం ఇంకా ఉందేమోనని జనం వణికిపోతారు. ఇంకోవైపు, ఒకే వాసన చాలాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారిపోతుంది. అప్పుడు ఉన్నది కూడా తెలియదు. అందుకని కొలిచే మీటరు కావాలి.

అలాంటి మీటర్లు ఉన్నాయి. చేతిలో ఇమిడిపోతాయి. లోపల చిన్న అతినీలలోహిత దీపం ఉంటుంది. పంపు గాలిని లోపలికి పీలుస్తుంది. గాలిలో స్టైరీన్ లాంటి ఆవిరి ఉంటే ఆ వెలుగు తగిలి కొద్దిగా విద్యుత్తు పుడుతుంది. ఎంత పుట్టిందో అంత అంకె తెర మీద కనపడుతుంది. నా కోరిక ఒకటి చెబుతాను. ప్రమాదం తర్వాత ఇంటింటికీ వెళ్ళే బృందం ఆ మీటరును ఇంటి ఇల్లాలి చేతికి ఇవ్వాలి. అమ్మా, మీ వంటింట్లో మీరే పట్టుకోండి, పరుపు దగ్గర పెట్టండి, బీరువా తలుపు తీసి లోపల పెట్టండి, పిల్ల పాకే చోట నేలకి ఆనించి చూడండి అనాలి. అంకె ఆవిడే చదవాలి. ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఆవిడకి ఇవ్వాలి. తలుపులు తీసి, ఫ్యాన్లు పెట్టి, గాలి ఆడించి, మర్నాడు మళ్ళీ కొలవాలి. స్టైరీన్ గాలిలో నిలవ ఉండేది కాదు కాబట్టి అంకె దిగుతుంది. దిగడం ఆవిడ తన కళ్ళతో చూస్తుంది. ఇందులో అంత ఖరీదైన కొత్త సాంకేతికత ఏమీ లేదు. ఉన్న మీటరును ఎవరి చేతిలో పెడుతున్నాం అన్నదే కొత్త.

ఇళ్ళ సంగతి అయింది, ఇప్పుడు ఒంటి మీద పడిన విషం సంగతి. ఇందులో బ్రిటన్, అమెరికా పరిశోధకులు గత పదిహేనేళ్ళలో కనిపెట్టింది విని నేను చాలా ఆశ్చర్యపోయాను. ఇంతకుముందు పద్ధతి ఏమిటంటే, ప్రత్యేక టెంట్లు, షవర్లు, బూట్లు తొడుక్కున్న సిబ్బంది వచ్చేదాకా జనాన్ని ఆపి ఉంచడం. వాళ్ళు వచ్చేసరికి గంట దాటిపోయేది. విషం ఆ గంటలో చర్మంలోకి ఇంకిపోయేది. ఇప్పుడు తేలింది ఏమిటంటే, వెంటనే బట్టలు విప్పేస్తే చాలు, దాదాపు 90 శాతం వరకు విషం ఒంటి మీద నుంచి పోతుంది. ఆ తర్వాత పొడి కాగితంతోనో, పొడి గుడ్డతోనో అద్ది తుడిస్తే ఇంకా చాలావరకు పోతుంది. రుద్దకూడదు, అద్దాలి. చొక్కాను తల మీదుగా లాగకూడదు, మొహానికి అంటుకుంటుంది. కత్తెరతో కత్తిరించడం మేలు. ఇది ద్రవంగా ఒంటి మీద పడే రసాయనాలకు. యాసిడ్ లాంటిది పడి మంట పుడుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా నీళ్ళు ధారగా పొయ్యాల్సిందే. మళ్ళీ చెబుతున్నాను: మామూలుగా ముందు బట్టలు, తర్వాత పొడిగా అద్దడం. చర్మం మండుతుంటే వెంటనే నీళ్ళు.

సైనికులు రసాయన ఆయుధాల నుంచి చర్మాన్ని కాపాడుకోవడానికి వాడే పొడి ఏమిటో తెలుసా? మనవాళ్ళు మొహానికి పూసుకునే ముల్తానీ మట్టి జాతిదే. ద్రవాన్ని పీల్చేసుకుంటుంది. మన పచారీ కొట్లో దొరికే వస్తువే.

అయితే ఇక్కడే అసలు చిక్కు. బట్టలు విప్పాలి అని పుస్తకంలో రాయడం సులువు. మన ఊళ్ళో, నడివీధిలో, పదిమంది మగవాళ్ళ ముందు, ఒక తల్లి చీర విప్పుతుందా? ప్రాణం పోతున్నా విప్పదు. బురఖాలో ఉన్న చెల్లి విప్పుతుందా? పెళ్ళికాని అమ్మాయి విప్పుతుందా? పెద్దావిడ మెడలో మంగళసూత్రం ఉంటుంది. దాని పసుపుతాడు రసాయనాన్ని పీల్చుకుంటుంది. దాన్ని తియ్యమని ఎవరు చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి? భర్త పక్కనే ఉంటే ఆయన చేత చెప్పించాలా? తీసినదాన్ని పేరు రాసిన సంచిలో ఆమె కళ్ళముందే పెట్టి, శుభ్రం చేసి తిరిగి ఇస్తామని ముందే చెబితే ఒప్పుకుంటుందేమో. ఇవేవీ ప్రయోగశాలలో ఆలోచించరు. ఇవి ఆలోచించాల్సింది మనం.

కాబట్టి మన దగ్గర విషశుద్ధి సాధనం అంటే నా ఉద్దేశంలో ముందుగా నాలుగు కర్రలు, రెండు దుప్పట్ల తెర. ఆడవాళ్ళకి ఒకటి, మగవాళ్ళకి ఒకటి. దాని వెనక ఒక కత్తెర, పాత తువ్వాళ్ళ కట్ట, సైజు చూడక్కర్లేని వంద నైటీలు, వంద లుంగీలు. సాయం చెయ్యడానికి ఆశా కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల అక్కలు. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన మనుషులు. పరవాడలోనైనా, జీడిమెట్లలోనైనా, పటాన్‌చెరులోనైనా ఈ మాత్రం పెట్టుకోవడానికి కోట్లు అక్కర్లేదు. కంపెనీ గోడౌన్‌లో ఒక బీరువా చాలు. అది లేకపోతే, ఎంత ఖరీదైన నురగ తెప్పించినా, మన ఆడవాళ్ళు విషం అంటిన చీరతోనే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్తారు. ఆసుపత్రిలో డాక్టరుకీ, నర్సుకీ కూడా ఆ ఆవిరి తగులుతుంది.

ఇక కడిగిన విషం ఎక్కడికి పోతుంది? ఇది అందరూ చివరికి వాయిదా వేసే ప్రశ్న. విషం మాయం కాదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంది. నీళ్ళతో కడిగితే నీళ్ళలోకి, మట్టి తవ్వితే సంచుల్లోకి. జపాన్‌లో ఫుకుషిమా అణుప్రమాదం తర్వాత ఊళ్ళ మట్టి పైపొరను గీకి నల్ల సంచుల్లో నింపారు. అది కోటి ఘనపు మీటర్లు దాటింది. ఊళ్ళు శుభ్రమయ్యాయి, సంచులు మిగిలాయి. 2045 నాటికి ఆ మట్టిని ఫుకుషిమా జిల్లా దాటించాలని చట్టం చేసుకున్నారు.

బ్రెజిల్‌లో గోయానియా అనే ఊరిది మరో బాధ. 1987లో పాడుబడిన ఆసుపత్రి భవనంలోంచి ఇద్దరు ఒక యంత్రం భాగాన్ని ఇనుప సామాన్ల కొట్టుకి అమ్మారు. లోపల సీజియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని ఇరుగుపొరుగు పంచుకున్నారు. నలుగురు చనిపోయారు, వాళ్ళలో ఆరేళ్ళ పాప ఒకతి. లక్ష మందికి పైగా జనాన్ని స్టేడియంలో వరుసలో నిలబెట్టి పరీక్షించారు. ఒంట్లో చేరిన సీజియాన్ని పట్టి బయటికి తేవడానికి ప్రష్యన్ బ్లూ అనే మందు ఇచ్చారు. చిత్రకారులు వాడే నీలి రంగే అది. ఇళ్ళు కూల్చారు, మట్టి తవ్వారు. అన్నిటికన్నా నన్ను కదిలించింది వేరే ఉంది. ఆ ఊరివాళ్ళకు ఇతర ఊళ్ళలో హోటల్ గదులు ఇవ్వలేదు. మీ ఒంటి మీద ఏమీ లేదని కాగితం చూపించమన్నారు. ప్రభుత్వం వేల మందికి అలాంటి ధ్రువపత్రాలు రాసివ్వాల్సి వచ్చింది. ఊరు శుభ్రమైంది గానీ, ఊరి పేరు మీద మచ్చ చాలాకాలం పోలేదు.

మన భోపాల్ సంగతి అందరికీ తెలుసు. 1984లో ప్రమాదం. కర్మాగారంలో మిగిలిపోయిన 337 టన్నుల విషపు చెత్త 2025 జనవరి దాకా అక్కడే ఉంది. 40 ఏళ్ళు. అధిక ఉష్ణోగ్రతలో కాల్చేసే కొలిమి పీథంపూర్‌లో ఎప్పటినుంచో ఉంది. 2015లో 10 టన్నులు కాల్చి చూశారు కూడా. అయినా కదల్లేదు. కోర్టు ఆదేశంతో కంటైనర్లు పీథంపూర్ చేరగానే అక్కడి జనం రోడ్డెక్కారు. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకోబోయారు. వాళ్ళని తెలివితక్కువవాళ్ళని నేను అనలేను. ఆ చెత్త వాళ్ళ ఊరికి వస్తుందని, ఎలా కాలుస్తారో, పొగలో ఏముంటుందో, బూడిద ఎక్కడ పెడతారో వాళ్ళతో ముందు కూర్చుని మాట్లాడి ఉంటే పరిస్థితి అంతదాకా వచ్చేదా? తర్వాత మూడు విడతలు పరీక్షగా కాల్చి, కొలతలు చూసి, ఆ ఏడాది జూన్ చివరికి మొత్తం కాల్చేశారు. కాల్చడానికి నెలలు పట్టింది. ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. భోపాల్‌లో కర్మాగారం చుట్టూ మట్టీ, భూగర్భజలం ఇంకా శుభ్రం కావాల్సే ఉన్నాయి.

శ్రోతల్లో చాలామంది ఏదో ఒక పారిశ్రామికవాడకు దగ్గర్లో ఉంటున్నారని నాకు తెలుసు. మీ చేతిలో ఉన్న దారి ఒకటి చెబుతాను. ప్రమాదకర రసాయనాలు నిలవచేసే కర్మాగారాల విషయంలో 1989 నాటి నిబంధనలున్నాయి. పెద్ద మోతాదులో నిలవ ఉన్నచోట కర్మాగారం బయట ఊళ్ళో ఏం చెయ్యాలన్న ప్రణాళిక ఉండాలి. దాన్ని ఏడాదికి ఒకసారైనా రిహార్సల్ చేసి చూడాలి. 1996 నాటి నిబంధనల ప్రకారం జిల్లాలో ఒక సంక్షోభ బృందం ఉంటుంది. దానికి అధ్యక్షులు కలెక్టరు గారు.

సాధారణంగా ఆ మాక్ డ్రిల్ ఎలా ఉంటుందో మీలో కొందరు చూసే ఉంటారు. సైరన్ మోగుతుంది. ఇద్దరు కుర్రాళ్ళు స్పృహ తప్పినట్టు పడుకుంటారు. స్ట్రెచర్ వస్తుంది, అంబులెన్సు బయల్దేరుతుంది. అంతా సర్దుకున్నట్టు ప్రకటిస్తారు, ఫొటో తీస్తారు, టీ తాగి వెళ్ళిపోతారు. ఈసారి మీ ఊళ్ళో డ్రిల్ జరిగినప్పుడు సర్పంచి గారి చేత, వార్డు మెంబరు చేత, కుదిరితే మీరే ఒక అర్జీ పెట్టి, దాన్ని ఇంకో రెండు గంటలు పొడిగించమని అడగండి. అంబులెన్సు వెళ్ళాక తెర కట్టి చూపించమనండి. నైటీలూ లుంగీలూ ఉన్న బీరువా తెరిపించండి. కడిగిన నీళ్ళు ఏ కాలవలోకి పోతున్నాయో నడుచుకుంటూ వెళ్ళి చూడండి. తర్వాత ఎవరో ఒకరి ఇంటికి, నిజం ఇంటికి, మీటరు పట్టుకుని వెళ్ళి, వంటింట్లో ఆ ఇంటావిడ చేత అంకె చదివించమనండి. ఎంత వస్తే ఇంట్లోకి రావొచ్చో ఆవిడకి ఆ రోజే, ఏ ప్రమాదమూ లేని రోజునే, తెలిసిపోవాలి.